పూత అక్కర్లేని ప్రిజమే నయం

మా ఇల్లు వన్ టౌన్‌లో. మేడెక్కితే ఎదురుగా యారాడ కొండ, కింద పోర్టు ఛానల్. పోర్టులో పనిచేసి రిటైరైన నాన్నకి సాయంత్రమైతే ఒకటే కాలక్షేపం, లోపలికొచ్చే ఓడ పేరు చదవడం. కళ్ళజోడుతో అది కుదరట్లేదని బైనాక్యులర్స్ కొన్నాను. సన్నగా, నిటారుగా ఉండే మోడల్. డబ్బా మీద "బీఏకే4 ప్రిజమ్, ఫుల్లీ మల్టీకోటెడ్" అని పెద్దక్షరాలు. మన సంగతి తెలిసిందేగా, స్పెసిఫికేషన్లు చూస్తే చాలు పడిపోతాం!

మధ్యాహ్నం బానే ఉంది. పొద్దుగూకేసరికి నాన్న దించేసి "ఏట్రా ఇది, మసగ్గా ఉంది. మా ఆఫీసులో పాత డొక్కే నయం" అన్నారు. పాత డొక్కంటే ఓడల బ్రిడ్జి మీద కనబడే 7×50 రకం, భుజాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది.

ఉక్రోషం వచ్చి కూర్చుని చదివాను. తలకిందులుగా వచ్చే బొమ్మని నిలబెట్టడానికే ఈ ప్రిజాలు. పాతదాన్లో ఉండేది పోరో ప్రిజమ్, 1854లో ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో పేటెంట్ తీసుకున్నది. గాజులోపల లంబానికి సుమారు 40 డిగ్రీలు దాటి తాకిన కాంతి బయటికి పోలేదు, మొత్తం వెనక్కి తిరుగుతుంది. ఇంటర్లో బట్టీపట్టిన సంపూర్ణాంతర పరావర్తనమే. పోరోలో పని అంతా దాంతోనే అయిపోతుంది, పూత ఖర్చు లేదు.

సన్నటివాటిలో ఎక్కువగా ఉండేది ష్మిట్-పెషాన్ అనే రూఫ్ ప్రిజమ్. దాన్లో ఒక తలాన్ని కాంతి అంత ఏటవాలుగా తాకదు, బయటికి జారిపోతుంది. అక్కడ అద్దం పూత పూయాల్సిందే. డిజైన్‌లో బగ్‌కి ప్యాచ్ అన్నమాట. అల్యూమినియం పూత వందకి 87 నుంచి 93 వంతులు తిప్పి పంపుతుంది, వెండి 95 నుంచి 98, డైఎలెక్ట్రిక్ 99 పైన. ఈ మూడోది భలే చిత్రం. దాన్లో లోహమే లేదు! రెండు రకాల పారదర్శక పదార్థాల్ని, తరంగదైర్ఘ్యంలో సుమారు నాలుగోవంతు మందంతో, ఒకదాని మీదొకటి డజన్ల కొద్దీ పొరలు వేస్తారు. అన్నీ కలిసి అద్దమవుతాయి.

తప్పంతా అల్యూమినియానిదే అనను. పది శాతం వెలుగు తగ్గితే కన్ను అంతగా పట్టించుకోదు. రూఫ్ ప్రిజమ్‌కి ఫేజ్ పూత కూడా కావాలి (జైస్ వాళ్ళు 1988లో తెచ్చారు), లేకపోతే చిన్న అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. ఓడ పేరు చదవాలంటే కావలసింది ఆ అంచులే కదా. నాకు మండేది ఎక్కడంటే, "ఫుల్లీ మల్టీకోటెడ్" అన్నది లెన్సుల మీది పూతల మాట. ప్రిజమ్ అద్దం గురించి డబ్బా ఒక్క ముక్క చెప్పదు. చెప్పలేదంటే అల్యూమినియమే అనుకోండి. తక్కువ బడ్జెట్‌లో రూఫ్ కొనడం దండగ, పోరో కొనండి.

ఒక్క చిక్కుంది. పోరో గొట్టంలోకి గాలి చొరకుండా బిగించడం కష్టం. మా ఉప్పుగాలికి, తేమకి లోపల బూజు పట్టే భయం ఎక్కువ. అయినా 8×40 పోరో తెచ్చాను. పెద్దవయసులో కంటిపాప అంతగా విచ్చుకోదు కాబట్టి 50 అక్కర్లేదు. మూతబిగువు డబ్బా, సిలికా జెల్ పొట్లాలు కూడా కొన్నాను.

నాన్న మాత్రం దాన్ని డబ్బాలో పెట్టరు. మేడ మీద మేకుకి తగిలిస్తారు.