ఏ డిస్కు అన్న ప్రశ్న

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 కోరునట్టి టి.పి.ఎం. 2.0 సౌకర్యము లేని పాత కంప్యూటర్లు ఇండ్లలోను, కళాశాలలలోను ఎన్నో ఉన్నవి. వాటిని పారవేయ మనసొప్పక, ఉబుంటు వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించుకొనుటకు విద్యార్థులు పూనుకొనుట సహజమే. మెచ్చదగినది కూడ.

భాష, ఊరి సమయము, పేరు అడుగునంతవరకు ఇన్‌స్టాలర్ మర్యాదస్తుడైన అతిథివలె మెలగును. అక్కడ పొరపడినను పిమ్మట దిద్దుకొనవచ్చును. అటుపిమ్మట ఒక పట్టికను ముందుంచి, ఏ డిస్కులో ఎక్కింపవలెనని అడుగును. దిద్దుకొనుటకు దాదాపు వీలులేని ప్రశ్న ఇదియే. విచిత్రమేమనగా, అన్నిటికంటె అస్పష్టముగా అడుగబడునదియు ఇదియే!

విండోస్ డిస్కులను సున్న నుండి లెక్కించును. మనము మొదటిదనుకొనునది దానికి 0, రెండవది 1. ఇంతకాలము మనకు పరిచితములైన సి, డి అను అక్షరములు ఆ పట్టికలో కానరావు. లినక్స్‌లో ఎస్‌డిఎ, ఎస్‌డిబి అను పేర్లు డిస్కులు గుర్తింపబడిన క్రమమును బట్టి వచ్చునవి. నేటి ఎస్‌డిఎ రేపు ఎస్‌డిబి కావచ్చును. పరిమాణమును బట్టి పోల్చుకొందమన్నను చిక్కే. 500 గిగాబైట్లని అమ్మిన డిస్కు విండోస్‌లో 465గా కనబడును. తయారీదారులు వేయి చొప్పున లెక్కింపగా, విండోస్ 1,024 చొప్పున లెక్కించును.

అన్నిటికంటె ప్రమాదకరమైనది ‘డిస్కు తుడిచి ఎక్కించు’ అను ఎంపిక. మన ఇండ్లలో విండోస్ ‘సి’లోను, పెండ్లి ఫోటోలు, తమ్ముని ధ్రువపత్రములు, ప్రాజెక్టు పనులు ‘డి’లోను ఉంచుట వాడుక. ‘సి’ పోయినను ‘డి’ భద్రమని మన నమ్మకము. కాని అవి రెండును తరచుగా ఒకే డిస్కులోని రెండు భాగములు. డిస్కును తుడువుమన్నచో రెండును పోవును. ఇందులో విద్యార్థి అజ్ఞానమేమున్నది? ఇంతకాలము వాటిని వేర్వేరు డ్రైవులుగా చూపినది కంప్యూటరే గదా!

తెలిసినవారే ఈ పని చేయవలెనని కొందరందురు. ఒకే పరిమాణము గల రెండు డిస్కులున్నచోట తెలిసినవారును తడబడుదురు. నా అభిప్రాయములో లోపము ప్రశ్నలోనే ఉన్నది. ఈ కంప్యూటరులో విండోస్ ఉన్నదని ఇన్‌స్టాలర్ తానే కనిపెట్టి చెప్పగలుగుచున్నది. అట్లే ‘ఈ భాగములో ఇన్ని ఫోటోలున్నవి, ఇవి పోవును, సమ్మతమా?’ అని అడుగుటకు దానికేమి అడ్డము? తాళము వేసిన డిస్కు మాట వేరు. తాను చదువగలిగిన దానిని చదివి చెప్పక, అంకెలను మన ముందు పడవేయుట న్యాయము కాదు.

అంతవరకు కళాశాల కమిటీ వారికొక మనవి. ప్రయోగశాలలోని కంప్యూటర్లను మార్చునపుడు విద్యార్థుల పనిని ముందుగా వేరొక డిస్కునకు నకలు తీయించి, ఆ డిస్కును యంత్రము నుండి ఊడదీసి బీరువాలో ఉంచవలెను. రెండు డిస్కులున్న యంత్రములో అక్కరలేని దాని తీగను తొలగించిన పిదపనే పని మొదలిడవలెను. ప్రతి డిస్కు మోడలు, క్రమసంఖ్య ఒక చీటీపై వ్రాసి పెట్టెకు అంటించుటకు ఒక మధ్యాహ్నము చాలును.