ఇద్దరు తిక్కనలు, ఒక చేతిసంచీ

నెల్లూరు వాళ్ళకు ఖడ్గతిక్కన కథ పనిగట్టుకొని చెప్పనక్కరలేదు. నాకు మా నాయనమ్మ అన్నం కలిపి పెడుతూ చెప్పింది. పశువుల మేత పుల్లరి దగ్గర కాటమరాజుకూ, మన మనుమసిద్ధికీ తగాదా వచ్చింది. సేనాపతి ఖడ్గతిక్కన యుద్ధానికి వెళ్ళి, బలం చాలక ఇంటికి తిరిగి వచ్చాడు. స్నానానికి లేస్తే భార్య చానమ్మ, ఆడవాళ్ళకు పెట్టినట్టుగా, మంచం అడ్డం పెట్టి పసుపుముద్ద ఉంచింది. అన్నానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించింది. ఆయన మరి మాట్లాడలేదు. కత్తి తీసుకొని మళ్ళీ వెళ్ళాడు, తిరిగి రాలేదు.

మా నాయనమ్మ కథ అక్కడ ఆపి, "చూశావా, పౌరుషమంటే అదీ" అనేది. 'మరి చానమ్మ ఏమైంది?' అని నేనెన్నడూ అడగలేదు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను గదా, ఏ విద్యార్థీ నన్ను కూడా అడగలేదు.

ఒక కుర్రవాడు మాత్రం అడిగాడు. అయితే వాడడిగింది తిక్కన సంగతి కాదు.

ఏటా డిసెంబరు 7వ తేదీన సాయుధ దళాల పతాక దినం జరుగుతుందని పాఠకులకు తెలుసు. 1949 నుంచీ జరుగుతున్నది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగులున్న చిన్న కాగితపు జెండా జేబుకు గుచ్చి, విద్యార్థులు డబ్బా మోగిస్తూ మన ముందు నిలబడతారు. ఆ మూడు రంగులూ పదాతి, నౌకా, వైమానిక దళాలకు గుర్తు. మనం చిల్లర వేస్తాం, జెండా పెట్టుకుంటాం, సాయంత్రం చొక్కా ఉతకడానికి వేసేటప్పుడు తీసి పారేస్తాం.

2024 డిసెంబరులో మా కళాశాల పిల్లలు అలాగే ట్రంకురోడ్డంతా తిరిగి వచ్చారు. డబ్బాలు లెక్కపెడుతుండగా సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చే ఒక కుర్రవాడు నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

"ఈ డబ్బు ఎవరికి పోతుంది సార్?"

"మాజీ సైనికులకు, వాళ్ళ కుటుంబాలకు" అన్నాను.

"అది తెలుసు సార్. ఎవరు తీసుకపోయి ఇస్తారు? మా ఊళ్ళో ఒకాయన పటాలంలో చేసి వచ్చి, చానాళ్ళ కిందట చచ్చిపోయినాడు. ఆయవ్వకు ఎవరూ ఏమీ ఇచ్చినట్టు లేదే?"

నా దగ్గర సమాధానం లేదు. తెలియనప్పుడు కోప్పడడం మా వృత్తిలో ఒక దురలవాటు. ఆ రోజు ఎందుకో కోపం కూడా రాలేదు. మరుసటి వారం వాణ్ణి వెంటబెట్టుకొని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళాను.

ఇలాంటి కార్యాలయాలు దేశమంతటా సుమారు 400 ఉన్నాయి. ఖర్చు కేంద్రమూ, రాష్ట్రమూ పంచుకుంటాయి. పేరు పెద్దది, పనిచేసే మనుషులు కొద్దిమంది. వాళ్ళలో పలువురు తామే సైన్యంలో చేసి వచ్చినవాళ్ళు. మేము వెళ్ళేసరికి ఒక గుమాస్తా అమ్మాయి ఫైళ్ళ మధ్య కూర్చొని ఫోనులో ఎవరికో చెబుతున్నది: "ఏడవబాకమ్మా, పింఛను పోలేదు. ఆగింది, అంతే. పుస్తకం తీసుకొని రా." ఆ మాట అరగంటలో మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ ఆమె గొంతులో విసుగు వినపడలేదు.

కుర్రవాడు తన ఊరి పేరు చెప్పగానే ఆమె ఫైలు కోసం వెతకలేదు. "ఒడ్డున రెండో వరస ఇల్లు. ఆయన డిశ్చార్జి పుస్తకం దొరకలేదు. మా అన్నయ్య మూడుసార్లు పోయొచ్చాడు" అన్నది.

అన్నయ్య అంటే తోబుట్టువు కాదు. డెబ్బై ఏళ్ళ విశ్రాంత హవల్దారు. ఫిరంగి దళంలో చేశాడు. కార్యాలయంలో ఆయనకు ఉద్యోగం లేదు, జీతం లేదు. కావలసినంత పని మాత్రం ఉంది. పాత మోపెడ్డు, దాని కొక్కేనికి తగిలించిన గుడ్డసంచీ, ఇవీ ఆయన సరంజామా. పేరు రాస్తే నాతో మాట్లాడడం మానేస్తానన్నాడు గనుక రాయడం లేదు. సంచీలో ఏముంటాయని అడిగితే బల్లమీద బోర్లించి చూపించాడు. వేలిముద్రల సిరా డబ్బా, గుండుసూదులు, ఎవరెవరివో పాస్‌పోర్టు సైజు ఫోటోలు, కాగితాల నకళ్ళు, ఒక పాత కళ్ళద్దాల జత. "కళ్ళద్దాలు నావి కావు సార్. సంతకం చేసేటప్పుడు ముసలోళ్ళకు కావాల."

ఆయన చెబుతుంటే నాకొక సంగతి తెలిసింది. సైన్యంలో చేసిన వాళ్ళందరికీ పింఛను ఉంటుందని నేననుకున్నాను. ఉండదు. జవానుకు సాధారణంగా 15 సంవత్సరాల సర్వీసు నిండాలి. ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో చేసి, ఇంటి ఇబ్బందులతో వచ్చేసిన వాడికి నెలనెలా ఏమీ రాదు. అతను పోయాక భార్యకూ రాదు. అలాంటి నిరుపేదలకు, 65 ఏళ్ళు దాటినవారికి, మన పతాక నిధి నుంచే నెలకింత అని ఒక సహాయం ఉంది. నెలకు 4,000 రూపాయలుగా ఉన్నదాన్ని 2025లో 8,000 చేశారు. ఆ ఏడాది నవంబరు 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు కొత్త మొత్తం వర్తిస్తుంది. చూశారా, మన డబ్బాలో పడిన రూపాయి చివరకు చేరే చోటు ఇది. కాని ఆ రూపాయి తనంతట నడిచి పోలేదు. డిశ్చార్జి పుస్తకం కావాలి, వయసు రుజువు కావాలి, పేర్లు కలవాలి. చదువురాని డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలమ్మకు వీటిలో ఏది ఎక్కడ దొరుకుతుందో ఎవరు చెప్పాలి?

2025 నవంబరులో ఒక ఆదివారం ఆయన మోపెడ్డు వెనకాల నా స్కూటరు తోలుకొని నేనూ వెళ్ళాను. మైపాడు రోడ్డు పట్టి, కాలువ దాటి, ఇసుకలోకి దిగాక బండ్లు వదిలి నడిచాం. ముసురు పట్టి ఉంది. మొదట వేరొక ఇంటికి పోయాం. ఆ ఇల్లాలికి కుటుంబ పింఛను వస్తున్నది. అయితే బతికే ఉన్నానని ఏడాదికొకసారి రుజువు చూపించాలి, చూపించకపోతే ఆగిపోతుంది. బ్యాంకులో వేలిముద్ర పడలేదట. నలభై ఏళ్ళు ఉప్పులో చేపలు కలిపి ఎండబెట్టిన చెయ్యి అది. గీతలు అరిగిపోయాయి. "రేపు రా" అన్నారట, రేపు పోతే "ఇంకో రోజు రా" అన్నారట.

ఇప్పుడు ముఖాన్నిబట్టి గుర్తించే పద్ధతి ఫోనులోనే ఉంది. ఇంట్లో వెలుతురు చాలక హవల్దారు ఆమెను వాకిట్లోకి తీసుకొచ్చి, గొడుగు నా చేతికిచ్చి, ఫోను ఎత్తి పట్టుకున్నాడు. "రెప్ప ఆర్పమ్మా" అన్నాడు. ఆమె భయపడి కళ్ళు ఇంకా పెద్దవి చేసింది. "ఫోటోకి కళ్ళు మూయకూడదు గదా అబ్బయా?" "ఇది అట్టాంటి ఫోటో కాదు. ఆర్పితేనే నువ్వు బతికున్నట్టు లెక్క." నాలుగోసారికి ఆర్పింది. పని అయింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, "అయితే ఇంకో ఏడాది బతికినట్టే" అన్నది.

తరువాత మా కుర్రవాడు చెప్పిన అవ్వ ఇల్లు. డిశ్చార్జి పుస్తకం అంతకు నెల ముందు కావలిలో ఆమె కూతురి ఇంట్లో, పెళ్ళి బట్టల పెట్టె అడుగున దొరికింది. దొరికాక ఇంకొక చిక్కు. పుస్తకంలో భార్య పేరు పొట్టిగా ఉంది, ఆధారులో పొడుగ్గా ఉంది. ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం రాయించాలి, రికార్డు ఆఫీసుకు ఉత్తరం పెట్టాలి. ఏ దళంలో చేసినవాడి కాగితాలు ఆ దళం చోటే ఉంటాయి. మద్రాసు రెజిమెంటువి వెల్లింగ్టన్‌లో, ఫిరంగి దళానివి నాసిక్‌లో. మా హవల్దారు ఇలాంటి ఉత్తరాలు ఎన్ని రాశాడో ఆయనకే లెక్క లేదు.

అవ్వ వేలిముద్ర వేసి, "ఇది ఎప్పటికొస్తుంది?" అని అడిగింది. ఆయన అబద్ధం చెప్పలేదు. "తెలవదమ్మా. వెంటపడతా" అన్నాడు. ఇసుకలో తిరిగి నడుస్తూ నాతో మాత్రం, "ఆ కాగితానికి టైముంది సార్. ఆయమ్మకు లేదు" అన్నాడు.

దారిలో టీ కొట్టు దగ్గర ఆగాం. ఈ పని ఎలా తలకెత్తుకున్నావని అడిగాను. ఆయనతో పనిచేసిన ఒకాయనకు వెన్నెముక దెబ్బతిని నడుము కింద చచ్చుబడిపోతే, చూడడానికి పూనా దగ్గర ఖడ్కీ వెళ్ళాడట. అలాంటి సైనికుల కోసం 1974లో అక్కడ ఒక పునరావాస కేంద్రం పెట్టారు. అక్కడి చిత్రకారులు కొందరు నోటితో కుంచె పట్టి బొమ్మలు వేస్తారు. అయితే ఈయన మనసులో నిలిచింది బొమ్మలు కాదు. "తనంతట ఒత్తిగిలలేని మనిషిని రెండు గంటలకోసారి తిప్పాల సార్, లేకుంటే పుండ్లు పడతాయి. రాత్రి రెండింటికి లేచి తిప్పేవాడు ఒకడుంటాడు గదా. తుపాకి కాల్చినోడి కథ అందరూ చెబుతారు. వీడి కథ ఎవడు చెబుతాడు?"

ఆ రాత్రి ఇంటికి వచ్చి భారతం తీశాను. నెల్లూరుకు ఇద్దరు తిక్కనలు. కత్తి పట్టిన తిక్కన కథ మనకు నోటికొచ్చు. ఆయన జ్ఞాతి సోదరుడు, గంటం పట్టిన తిక్కన, 13వ శతాబ్దంలో విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెలిగించాడు. యుద్ధపర్వాల దగ్గర ఆయన చేతులు దులుపుకోలేదు. కురుక్షేత్రం ముగిశాక స్త్రీపర్వం ఉంది, శాంతిపర్వం ఉంది. దిక్కులేక పడి ఉన్న వీరులకు సంస్కారాలు జరిపించమని ధర్మరాజు పని అప్పగిస్తాడు. ఎవరికనుకున్నారు? విదురుడికి, సంజయుడికి, యుయుత్సుడికి, పురోహితుడు ధౌమ్యుడికి, సారథి ఇంద్రసేనుడికి, మిగిలిన పరిచారకులకు. కట్టెలు, గంధం, నెయ్యి సమకూర్చింది వాళ్ళే. పట్టాభిషేకం అయ్యాక భర్తలనూ కొడుకులనూ పోగొట్టుకున్న స్త్రీలను పోషించే భారం ధర్మరాజు తన మీద వేసుకున్నాడు. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన నేను ఆ పేర్ల వరసను ఎన్నోసార్లు గబగబా దాటేశాను. ఆ రాత్రి ఆగి చదివాను. ఇంద్రసేనుడి పేరు చదివినప్పుడు నాకు గుడ్డసంచీ కనపడింది. ధౌమ్యుడి దగ్గర, ఏమనుకోకండి, ఫోనులో "ఏడవబాకమ్మా" అన్న గుమాస్తా అమ్మాయి కనపడింది.

డిసెంబరు మొదటివారంలో మా కళాశాలలో హవల్దారుకు సన్మానం పెట్టాం. శాలువా, పూలదండ, జ్ఞాపిక, నా ఉపన్యాసం. ఉపన్యాసం బాగానే ఉందన్నారు. తరువాత ఆయన మైకు దగ్గరకొచ్చి రెండే మాటలు మాట్లాడాడు. "ఆఫీసులో ఆయమ్మ కాగితాలు సిద్ధం చెయ్యకపోతే నా సంచీ ఖాళీ. ఆమెను వెనక బెంచీలో కూర్చోబెట్టినారు" అన్నది మొదటిది. నిజమే. ఆహ్వానపత్రంలో ఆమె పేరు వెయ్యలేదు. ఆ పత్రం రాసింది నేనే. రెండోది: "శాలువాలు ఇంట్లో చాలా ఉండాయి సార్. ఫారాలు నింపడం వచ్చిన పిలకాయల్ని ఇద్దరిని ఇయ్యండి."

ఇద్దరిని అడిగితే నలుగురు లేచారు. మొదట లేచింది ఎవరో వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు వాళ్ళు ఆదివారాలు ఆయన వెంట పోతున్నారు. గుమాస్తా అమ్మాయి వాళ్ళకు ఏ కాగితం తరువాత ఏ కాగితం పెట్టాలో నేర్పింది. సేవ చేసేవారిని గౌరవించడమంటే ఏమిటని నన్నడిగితే, దండ వెయ్యవద్దని అనను. వేసినవాడు ఆ సంచీని ఒక మైలు తానూ మోస్తే బాగుంటుందంటాను. మీ వీధిలోనూ పటాలంలో చేసి పోయిన మనిషి ఇల్లు ఒకటి ఉండవచ్చు. ఆ ఇంటి పెద్దావిడ ఈ ఏటి రుజువు పంపిందో లేదో, మగనికి పింఛను లేకపోతే నిధికి దరఖాస్తు పెట్టిందో లేదో ఒకసారి కనుక్కోండి. పెట్టకపోయి ఉంటే చదువుకున్న మీ పిల్లవాణ్ణి పంపండి.

అవ్వ కాగితం నేనీ వ్యాసం రాసే నాటికి ఇంకా తేలలేదు. మా కుర్రవాడు ప్రతి ఆదివారం పోయి, "ఇంకా రాలేదవ్వా" అని చెప్పి వస్తున్నాడు. రాని సంగతి చెప్పడానికి అంత దూరం పోవడమెందుకని నేనన్నాను. పోయిన వారం వాడు అదే మాట ఆమెతో అన్నాడట. "రాకపోతే మళ్ళీ రాయిద్దాంలే నాయనా, కూర్చో" అని ఇన్ని ఎండుచేపలు పొట్లం కట్టి ఇచ్చిందట.