పారిస్‌లో ఆఖరి రోజు ఎవరిది?

సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం వెళ్తుంటే దారి పొడవునా ప్లాట్ల బోర్డులు, విదేశీ చదువుల బోర్డులు. ఈ రెండింటి పుణ్యమా అని కొత్తరకం యాత్రికులు తయారయ్యారు. వాళ్లు యాభై దాటిన దంపతులు. భూమికి ధర వచ్చి చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నవారు కొందరు. జర్మనీలోనో ఐర్లాండులోనో చదువుతున్న కొడుకునో కూతురినో చూసి, పనిలో పనిగా యూరప్ కూడా చుట్టి వద్దామనుకునేవారు ఇంకొందరు. ఒకప్పుడు కాశీకి పోయొస్తే ఊరంతా చెప్పుకునేది. ఇప్పుడు ఈఫిల్ టవర్ ముందు దిగిన ఫొటో కుటుంబ వాట్సాప్ గ్రూపులో పడాల్సిందే.

వెళ్లడం మంచిదే. పేచీ అంతా ఆఖరి రోజుతోనే.

షెంజెన్ వీసాకు మనిషికి 90 యూరోల ఫీజు కట్టాలి, తిరస్కరించినా అది వెనక్కి రాదు. ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వేలిముద్రలు సరేసరి. ఇన్ని తిప్పలు పడి వెళ్లినవారు పది పన్నెండు రోజుల్లో ఆరేడు దేశాలు బస్సు కిటికీలోంచి చూస్తారు. ఒక చర్చి దగ్గర ఇరవై నిమిషాలు, ఒక వంతెన దగ్గర పది నిమిషాలు. చివరి ఊరు పారిస్ అయ్యేసరికి ‘కాళ్లు గుంజుతున్నయ్, నేను బస్సులనే కూసుంట’ అనే మాట మొదలవుతుంది. గైడ్ చేతిలోని కాగితంలో ఆ రోజుకు షాపింగ్ అని ఉంటుంది. సెంటు సీసాలు, చాక్లెట్లు, వదినకో బ్యాగు, ఫ్రిజ్‌కు అంటించే బొమ్మలు. రాత్రికి హోటల్ గదిలో సూట్‌కేసు బరువు చూసుకుని సగం బయటికి తీయడం. తెల్లారి విమానాశ్రయంలో పన్ను వాపసు యంత్రం ముందు క్యూ. ఒకే కొట్లో వంద యూరోలు దాటేలా కొన్నవారికి వచ్చేదెంతో గానీ, పోయింది మాత్రం ఒక పూట.

నిజానికి యాత్ర మొత్తంలో చూడటానికి అనువైన రోజు అదే. అప్పటికి కొత్త పోయి ఉంటుంది. యూరో అంటే ఎన్ని రూపాయలో వేళ్ల మీద లెక్క వస్తుంది. రొట్టె ఎక్కడ దొరుకుతుందో, మంచినీళ్లు ఎక్కడ పట్టుకోవచ్చో తెలుస్తుంది. మర్నాడు ఇంకో ఊరికి పెట్టె సర్దుకోవాలన్న తొందర ఉండదు. అలాంటి రోజును తెచ్చి కొట్లవాళ్ల చేతిలో పెట్టడం ఏం లెక్క?

దంపతులుగా యూరప్ చూడటం తెలుగువారికి నిన్న మొన్నటి ముచ్చట కాదు. సముద్రం దాటితే కులం పోతుందని జడిసే 1870లలోనే పోతం జానకమ్మ రాఘవయ్య భర్తతో కలిసి మద్రాసు నుంచి ఇంగ్లండు వెళ్లింది. చూసినదంతా తెలుగులో రాసుకుంది, తానే ఇంగ్లీషులోకి మార్చి 1876లో మద్రాసులో పుస్తకంగా వేయించింది. ఆమెకు గైడ్ జెండా లేదు, సెల్‌ఫోన్ లేదు. చూడటానికి తీరిక ఉంది. మనకు కరువైంది అదే.

పారిస్‌లో ఒక రోజు ఇద్దరికే మిగిలితే ఏం చేయాలి? లూవ్ర్ మ్యూజియం జోలికి పోకపోయినా నష్టం లేదు. 2026 జనవరి నుంచి యూరప్ బయటివారికి టికెట్ 32 యూరోలు చేశారు, అంటే మనిషికి మూడు వేల రూపాయల పైమాటే. అలసిన కాళ్లతో మోనాలిసా ముందు వందల ఫోన్ల వెనక నిలబడటానికి అంత దండగ. 2019లో కాలిపోయి, 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకున్న నోత్ర్‌దామ్ చర్చిలోకి ప్రవేశం ఉచితం. కడుపులో అన్నం పడాలనిపిస్తే లా షాపెల్ వైపు మెట్రో ఎక్కొచ్చు. శ్రీలంక తమిళుల కొట్లు, దోసెలు, పక్కనే వినాయకుడి గుడి. మెట్రో టికెట్టు రెండున్నర యూరోల చిల్లర. ఇబ్రహీంపట్నంలో మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సును ఉచితంగా ఎక్కే ఇల్లాలికి అందుకు మనసొప్పదు, కానీ ఒక్క రోజుకు ఒప్పించొచ్చు.

తర్వాత సేన్ నది ఒడ్డు. 1923 నుంచి ఆ నదిలో ఈత నిషేధం. దాదాపు 140 కోట్ల యూరోలు ఖర్చు పెట్టి, మురుగునీటిని మళ్లించి, వాననీటిని పట్టి ఉంచే పెద్ద తొట్టి భూమి కింద కట్టి, 2025 జులైలో మూడు చోట్ల జనాన్ని నీళ్లలోకి దిగనిచ్చారు. వేసవిలో వెళ్తే చూడొచ్చు: ఈతగాళ్ల నడుముకు కట్టిన పసుపు రంగు తేలుడు బుర్ర, గట్టు మీద కాపలావాళ్లు, ఆనాటి నీటిని బట్టి ఎగరేసే జెండా. ఆకుపచ్చ ఉంటే దిగొచ్చు, ఎరుపు ఉంటే కుదరదు. వాన గట్టిగా పడితే మురుగు కలుస్తుందని ఈత ఆపేస్తారు, దాపరికం లేదు.

అక్కడ గంటసేపు కూర్చుంటే ఇబ్రహీంపట్నం మనిషికి సొంత చెరువు గుర్తుకు రాకుండా ఉండదు. కుతుబ్‌షాహీల కాలంలో, ఇబ్రహీం కులీ పేరు మీద వెలసిన పెద్ద చెరువు అది. ఏళ్ల తరబడి ఎండి, 2022లో నిండి అలుగు దూకితే జనం బండ్లేసుకుని చూడటానికి వెళ్లారు. నీళ్లు తెచ్చే వాగులు, కాలువలు బాగుంటేనే చెరువు నిండుతుందని ఊళ్లో చిన్నపిల్లాడికీ తెలుసు. ప్లాటు కొనేటప్పుడే మరుస్తారు. పారిస్‌వాళ్లు మనకన్నా మంచోళ్లని కాదు, వాళ్లూ వందేళ్లు నదిని పాడుచేసుకున్నవాళ్లే. బాగుచేయడానికి ఎంత అవుతుందో గట్టు మీద కూర్చుని కళ్లారా చూడొచ్చు. టూరు బస్సు అక్కడ ఆగదు.

అభ్యంతరాలు లేకపోలేదు. భాష రాదు, జేబుదొంగలున్నారు, మోకాళ్లు సహకరించవు. జేబుదొంగల మాట నిజమే, మెట్రోలో జాగ్రత్త తప్పదు. భాషకు ఫోన్ ఉంది. మోకాళ్ల సంగతంటారా, కొట్ల చుట్టూ తిరగడం కన్నా నది గట్టున కూర్చోవడం సుఖం.

అసలు అడ్డంకి వేరే ఉంది. ప్యాకేజీ చవగ్గా రావాలని ఏజెంట్లు ఊరి బయట, విమానాశ్రయం దగ్గర హోటల్ ఇస్తారు. అక్కడి నుంచి ఊళ్లోకి రానూపోనూ రైలు ఖర్చు, సమయం చూసుకుని చాలామంది గదిలోనే పడుకుంటారు, లేదా షాపింగ్ బస్సు ఎక్కేస్తారు. అందుకే డబ్బు కట్టేముందు ఏడు దేశాలా, ఎనిమిది దేశాలా అని బేరమాడటం మాని, చివరి రెండు రాత్రుల హోటల్ చిరునామా రాతపూర్వకంగా అడగాలి. మెట్రో స్టేషన్ నడక దూరంలో లేకపోతే ఒక దేశం తగ్గించైనా సరే, హోటల్ మార్చమనాలి.