కుంటను పూడ్చొద్దు, పూడిక తీద్దాం



మన హాస్టలు వెనకాల కూరగాయల తోటలో ఉన్న కుంటను మట్టి పోసి పూడ్చెయ్యాలని కొంతమంది అంటున్నారు. ఆ కుంట వల్లే దోమలు, దోమల వల్లే జ్వరాలు అని వాళ్ల వాదన. వానాకాలంలో గదికి నలుగురు మంచం పట్టినప్పుడు ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. బాధ నిజమే. కాని పూడ్చడం దానికి మందు కాదని నా అభిప్రాయం.

మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20న కనుక్కున్నాడు. దోమ నిలవ నీళ్లలో గుడ్లు పెడుతుంది. వేడి రోజుల్లో పది రోజులు తిరిగేసరికి ఆ గుడ్లే దోమలై లేస్తాయి. దోమలు పెరగడానికి కుంటే ఉండాలా? కుళాయి కింద గుంత, మూతలేని డ్రమ్ము, పగిలిన కుండ చాలు. కుంట పూడిస్తే ఇవన్నీ పోతాయా?

కుంటలో చేపలు, తూనీగ పిల్లలు దోమపిల్లల్ని తింటాయి. మరి మన కుంటలో చేపలున్నా దోమలెందుకు? గుర్రపుడెక్క నీళ్లంతా కప్పేసింది. దాని వేళ్ల సందుల్లోకి చేప పోలేదు. డెక్క కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలే చచ్చిపోతాయి. అది రెండు వారాల్లో రెట్టింపు అయ్యే మొక్క. అందుకే ఒక్కసారి పీకి ఊరుకుంటే లాభం లేదు.

పని ఇలా చేస్తే బాగుంటుంది. మార్చిలో నీళ్లు తగ్గినప్పుడు మొదలుపెట్టాలి. ఒకేసారి అంతా తోడెయ్యొద్దు. ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం. చేపల్ని కుంట నీళ్లే పోసిన డ్రమ్ముల్లో నీడన పెట్టాలి. తీసిన డెక్కను ఒక రాత్రి గట్టునే ఉంచితే అందులోని నత్తలు, పురుగులు నీళ్లలోకి పాకిపోతాయి. ఫినాయిలు, బ్లీచింగు పొయ్యొద్దు. బురదంతా వంగ, టమాట మళ్లకు ఎరువు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువు మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నది మనలో చాలామందికి ఇంట్లో చెప్పే ఉంటారు.

పెద్ద తరగతులవాళ్లే దిగాలి, సార్లు దగ్గరుండాలి. కాళ్లకు పుండ్లున్నవాళ్లు దిగొద్దు. చిన్నతమ్ముళ్లు గట్టు మీద నుంచి బురద తట్టలు అందుకుంటే చాలు.

ఇంకొక్క మాట. ప్రార్థనకు ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఈ పనిని శిక్షగా వెయ్యొద్దు. శిక్షకు చేసేవాడు పైపైన గీకి పోతాడు. మన గూడేల్లో చెలిమెను ఎవరైనా శిక్షగా శుభ్రం చేస్తారా? నీళ్లు కావాలి కాబట్టి చేస్తారు. మనకూ ఏప్రిల్‌లో తోటకు నీళ్లు కావాలి, కూరలో కాయలు కావాలి. నెలకు ఒక ఆదివారం, ఒక గంట, అన్ని తరగతులూ వంతులవారీగా శ్రమదానం చేద్దాం.

పూడ్చడం ఒక్కరోజు పని. మళ్లీ తవ్వుకోవడం మన వల్ల కాదు. ఆలోచించండి.

— 9వ తరగతి విద్యార్థి