బిడ్డను విడిపించారు సరే, ఇంటి అప్పు మాటేమిటి?

ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో తెలంగాణలో ఉమ్మడి బృందాలు తిరుగుతాయి. పోలీసులు, కార్మిక శాఖ, బాలల పరిరక్షణ విభాగం, స్వచ్ఛంద సంస్థలు కలిసి హోటళ్లలో, షెడ్లలో, ఇటుక బట్టీల్లో పనిచేస్తున్న పిల్లలను గుర్తిస్తాయి. నెలాఖరుకు ఎంతమందిని రక్షించారో లెక్క చెబుతారు. శాఖలు కలిసి పనిచేయడం మంచిదే. కానీ అవి దేని కోసం కలుస్తున్నాయన్నదే అసలు ప్రశ్న.

ఇటుక బట్టీనే తీసుకుందాం. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి దళిత, ఆదివాసీ కుటుంబాలు దళారీ చేతిలో అడ్వాన్సు తీసుకుని ఇక్కడికి వస్తాయి. కూలి ఇటుకల లెక్కన కడతారు కాబట్టి పిల్లలూ చెయ్యి వేయక తప్పదు. బిడ్డ పని వెనుక ఉన్నది ఇంటి అప్పు. బిడ్డను మాత్రమే బయటికి తెస్తే అప్పూ, అమ్మానాన్నలూ బట్టీలోనే మిగులుతారు.

రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చూడండి. 2015 బాల న్యాయ చట్టం కింద రక్షించిన బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. చైర్‌పర్సన్, నలుగురు సభ్యులుండే ఆ కమిటీలో కనీసం ఒక మహిళ, ఒక బాలల నిపుణుడు ఉండాలని చట్టం చెప్పింది. ఎస్సీ, ఎస్టీల ఊసెత్తలేదు.

1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అలా కాదు. కలెక్టర్ ఆధ్వర్యంలోని జిల్లా విజిలెన్స్ కమిటీలో ముగ్గురు ఎస్సీ, ఎస్టీలు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, రుణ సంస్థల తరఫున ఒకరు ఉండాలి. వెట్టికి కులంతోనూ అప్పుతోనూ ఉన్న ముడిని గుర్తించిన కూర్పు అది. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత కూడా అప్పిచ్చినవాడిదే.

ఏ చట్టం కింద నమోదు చేస్తారన్న దాన్నిబట్టి ఆ కుటుంబం బతుకు మారిపోతుంది. బాల కార్మిక కేసుగానే రాస్తే యజమానిపై కేసు, బిడ్డకు హోమో బడో దక్కుతుంది. వెట్టి కేసుగా గుర్తిస్తే కుటుంబం మొత్తానికి విడుదల పత్రం, అప్పు రద్దు, ఒక్కొక్కరికి 30,000 రూపాయల దాకా తక్షణ సాయం అందాలి. మిగతా పునరావాస సొమ్మును మాత్రం నిందితుడికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. అదీ మారాలి.

అందుకే రక్షణ బృందంలో విడుదల పత్రం ఇవ్వగల రెవెన్యూ అధికారి ఉండాలి. యజమాని లేని చోట, కుటుంబం మాట్లాడే భాషలో, అడ్వాన్సు గురించి అడగాలి. బిడ్డను ఇంటికి పంపేముందు ఆ కేసు విజిలెన్స్ కమిటీకి చేరాలి.

విద్యార్థి సంఘాలు ఈ పని ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. మీ జిల్లా కలెక్టరేట్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. విజిలెన్స్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? ఆ ముగ్గురు ఎస్సీ, ఎస్టీ సభ్యులు ఎవరు?