మబ్బు ఎదురైనప్పుడు



2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు రచ్చబండ కార్యక్రమం నిమిత్తం బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు హెలికాప్టరులో బయలుదేరారు. గంటలోపే నల్లమల మీద సంబంధాలు తెగిపోయాయి. మరునాటి ఉదయం పావురాలగుట్ట వద్ద శకలాలు కనబడ్డాయి. కార్యదర్శి సుబ్రహ్మణ్యం గారు, భద్రతాధికారి వెస్లీ గారు, ఇద్దరు పైలట్లతో సహా ఐదుగురూ మరణించారు.

విచారణ సంఘం తేల్చిన సంగతి మనం మరువరాదు. దారిలో ట్రాన్స్‌మిషన్ ఆయిలు విషయమై ఒక హెచ్చరిక వచ్చింది. పైలట్లిద్దరూ సూచనల పుస్తకం తిరగవేస్తూ కొన్ని నిమిషాలు దానిమీదనే మనస్సు పెట్టారు. అంతలో హెలికాప్టరు ఉరుముల మబ్బులో చిక్కింది. బలమైన గాలి దానిని క్రిందికి త్రోసింది.

చేతిలోని చిక్కు చూపునంతా లాగుకొంటే ఎదుటి ఆపద కనబడదు. వాగు పొంగుతున్నా, ముహూర్తం మించిపోతుందని బండి దించేవారి సంగతీ ఇంతే కదా!

నల్లగండ్లలో ఉద్యోగాలు చేసే మన పిల్లలు పండుగకు ఇల్లు చేరాలని రాత్రివేళ వానలో బయలుదేరుతారు. తల్లిదండ్రులారా, "ఇంకా ఎంతసేపు?" అని పదేపదే ఫోను చేయకండి. "వాన తగ్గాకే రండి నాయనా, అన్నం ఎక్కడికీ పోదు" అని ముందుగా మీరే చెప్పండి. బండి నడిపేవాని ప్రక్కన కూర్చున్నవారు నిద్రపోక దారి చూడండి. వెనుదిరిగి వచ్చినవానిని పిరికివాడనకండి.

క్షేమంగా చేర్చుమని ప్రార్థించే మనం, ఆగవలసినచోట ఆగే బుద్ధిని కూడా ప్రభువును అడుగుదము.