బూడిద కలిసిన సిమెంటు కల్తీ కాదు: ఇల్లు, కల్లం కట్టే రైతులు తెలుసుకోవాల్సినవి

ఇల్లు, కల్లం, పశువుల కొట్టం ఏది కట్టాలన్నా ఇప్పుడు దుకాణంలో ఎక్కువగా దొరికేది పీపీసీ సిమెంటే. దానిలో థర్మల్ కేంద్రాల బూడిద ఉంటుందని తెలిసి చాలామంది రైతులు కల్తీ అనుకుంటారు. ఇది కల్తీ కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1489 ప్రకారం పీపీసీలో 15 నుంచి 35 శాతం వరకు బూడిద (ఫ్లై యాష్) ఉండాలి. ఉక్కు కర్మాగారాల స్లాగ్‌తో చేసే పీఎస్‌సీ సిమెంటుకు ఐఎస్ 455 వర్తిస్తుంది.

వ్యర్థాలు ఎందుకు కలుపుతున్నారు?

సిమెంటుకు మూలమైన క్లింకర్ తయారీకి సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చాలి. టన్ను క్లింకర్‌కు 800 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. మరోవైపు మన బొగ్గులో బూడిద పాలు 30 నుంచి 45 శాతం. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, పరవాడ వంటి చోట్ల ఆ బూడిదను నిల్వ చేయడానికే ఎకరాల కొద్దీ భూమి పోయింది. బూడిదను సిమెంటులో వాడితే క్లింకర్ తగ్గుతుంది, బూడిద చెరువుల భారమూ తగ్గుతుంది.

ఇందులో రైతు భూమికి సంబంధించిన సంగతి కూడా ఉంది. కేంద్రం 1999 సెప్టెంబరు 14న ఇచ్చిన ఫ్లై యాష్ నోటిఫికేషన్ ఉద్దేశాల్లో ఇటుక బట్టీలకు పోతున్న పైమట్టిని కాపాడటం ఒకటి. 2021 డిసెంబరు 31 నోటిఫికేషన్ థర్మల్ కేంద్రాలు బూడిదను 100 శాతం వినియోగంలోకి తేవాలని చెప్పింది. థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్లలోపు కట్టడాల్లో, ధర ఎక్కువ కాకుండా దొరికితే, బూడిద ఇటుకల వంటివి వాడాలని కూడా పేర్కొంది.

ఎకరం పొలంలో ఒక్క అంగుళం మట్టి తీస్తే దాదాపు 100 ఘనపు మీటర్లు పోయినట్టే. పైరుకు బలమిచ్చే సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉండేది ఆ పై పొరలోనే. బట్టీవారు ఇచ్చే డబ్బు ఒక్కసారే వస్తుంది, దిగుబడి నష్టం ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకే పైమట్టి అమ్మకండి. గోడలకు బూడిద ఇటుకలు దొరుకుతాయేమో ముందు చూడండి.

గట్టిదనం ఎక్కడి నుంచి వస్తుంది?

పూర్వం గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపేవారు. ఇక్కడా అదే సూత్రం. సిమెంటు నీటితో కలిసినప్పుడు కొంత సున్నం మిగులుతుంది. బూడిదలోని సిలికా నెమ్మదిగా ఆ సున్నాన్ని పట్టుకుని గట్టి పదార్థంగా మారుతుంది. సన్నని రంధ్రాలు పూడుకుపోయి కాంక్రీటు చిక్కబడుతుంది, నీరు, ఉప్పు లోపలికి దిగడం తగ్గుతుంది. తీరప్రాంత ఇళ్లకు, నీటి తొట్లకు, పశువుల కొట్టం నేలకు ఇది మేలు. గట్టిపడేటప్పుడు వేడి తక్కువ పుడుతుంది కాబట్టి పగుళ్లూ తగ్గుతాయి.

అయితే ఈ పని నిదానంగా జరుగుతుంది, దానికి తడి కావాలి. నాలుగు రోజులకే నీళ్లు ఆపితే బూడిద పని చేయకుండానే మిగిలిపోతుంది. అప్పుడు తప్పు సిమెంటుది కాదు.

పాటించాల్సిన జాగ్రత్తలు

• బస్తాపై ఐఎస్‌ఐ గుర్తు, సిమెంటు రకం, తయారైన వారం చూడండి. మూడు నెలలు దాటిన సిమెంటు తీసుకోవద్దు.

• స్లాబుకు 50 కిలోల బస్తాకు నీరు 25 లీటర్లు మించకూడదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పని సులువవుతుందని మేస్త్రి నీళ్లు ఎక్కువ పోస్తే బలం పడిపోతుంది.

• మామూలు ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీ, పీఎస్‌సీలకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. ఎండాకాలం 14 రోజులు తడపండి. స్లాబుపై మడులు కట్టి నీరు నిలపండి. స్తంభాలకు తడి గోనె సంచులు చుట్టండి.

• స్లాబు కింద పోట్లు తీయడానికి తొందరపడవద్దు. 4.5 మీటర్లలోపు స్లాబుకు చెప్పే 7 రోజుల గడువు ఓపీసీ లెక్క. పీపీసీకి మరికొన్ని రోజులు ఆగండి, ఎంతకాలమో ఇంజినీరును అడగండి.

• బూడిద చెరువు నుంచి బూడిద తెచ్చి స్లాబు కాంక్రీటులో కలపవద్దు. సిమెంటులో వాడేది పొడిగా సేకరించి, పరీక్షించిన సన్నని బూడిద. చెరువులోది ముతకగా, ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

ఊక బూడిద, పాత ఇంటి శిథిలాలు

టన్ను ధాన్యానికి సుమారు 200 కిలోల ఊక, దాన్ని కాలిస్తే దాదాపు 40 కిలోల బూడిద వస్తాయి. ఊక బూడిదలో సిలికా చాలా ఎక్కువ. కాని వేడిని అదుపులో ఉంచి కాల్చి, మెత్తగా నూరినదే కాంక్రీటుకు పనికొస్తుంది. మిల్లు బాయిలర్ల నల్ల బూడిదలో కాలని బొగ్గు ఉంటుంది. దాన్ని సిమెంటుకు బదులు వాడవద్దు.

పాత స్లాబు పగలగొట్టిన కంకర వృథా కాదు. ఐఎస్ 383 (2016) ప్రకారం అలాంటి కంకరను ఎం25 వరకు ఇనుము వేసే కాంక్రీటులో 20 శాతం దాకా, ఎం15 కంటే తక్కువ రకం కాంక్రీటులో పూర్తిగా వాడవచ్చు. ఇది పరీక్షించిన కంకరకు వర్తించే లెక్క. పరీక్ష చేయించే వీలు లేకపోతే స్లాబుకు, స్తంభాలకు వాడకండి. మట్టి, కలప, ప్లాస్టిక్ ఏరేసి పునాది గుంతల నింపుడుకు, కొట్టం నేల కింద పరుపుకు వాడుకోండి.

పీపీసీ కొనడానికి భయపడనక్కర్లేదు. పని మొదలుపెట్టే ముందే కనీసం పది రోజులు తడపడానికి నీరు, మనిషి ఉన్నారో లేదో చూసుకోండి. బోరులో నీరు తక్కువగా ఉండే నెలల్లో స్లాబు పెట్టుకోకపోవడం మంచిది.